చలనచిత్రవిద్యయు గృహస్థధర్మమును

వేసవిలో ఇంటరుమీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట పదునైదు దినములు మావంటి బడిపంతుళ్ల యిండ్లకు రాకపోకలు హెచ్చును. తండ్రి ముందు వచ్చును. కుమారుడో కుమార్తెయో వెనుక గుమ్మమునొద్ద నిలుచును. తండ్రి కూర్చుండి, టీ త్రాగి, ఊరి సంగతులు రెండు ముచ్చటించి, అటుపిమ్మట వచ్చిన పని యెత్తును. ఇదివఱకు ఆ పని ఏ ఇంజనీరింగు కళాశాల మంచిదో కనుగొనుటయే. ఇటీవల కొన్నియేండ్లుగా మఱియొక మాట వినవచ్చుచున్నది. "వీడు సినిమా సదువు సదువుతనంటున్నడు సార్. మీరన్న జర బుద్ధి చెప్పుండ్రి."

బుద్ధి చెప్పుటయే మా వృత్తి గనుక ఇన్నాళ్లును చెప్పుచునే వచ్చితిమి. మేము చెప్పిన బుద్ధి యెట్టిదో విచారించుకొనవలసిన అవసరము మాకు గలుగలేదు. ఇప్పుడు గలిగినది, ఎందుకు గలిగినదో కడపట చెప్పెదము.

బాలుడు చలనచిత్రకళను కళాశాలలో చదువవచ్చునా కూడదా యనునది పైకి గనబడు ప్రశ్న. దాని యడుగున వేఱొక ప్రశ్న గలదు. పిల్లల మేలుగోరి పెద్దలు చెప్పు అసత్యము అసత్యము గాదా? ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరకినగాని మొదటిదానికి దొరకదని మా నమ్మకము.

ఇండ్లలో మొట్టమొదట వినబడు ఆక్షేపణ జీవనోపాధిని గూర్చినది. ఆ చదువు చదివినవానికి అన్నము దొరకునా యని యడుగుదురు. అడుగవలసినదే. కాని యీ ప్రశ్నను మనము అందఱి విషయమున అడుగుచున్నామా? నాలుగేండ్లు సివిల్ ఇంజనీరింగు చదివి, ఇటుకయు సిమెంటును ముట్టక, కంప్యూటరు ముందు కూర్చుండి ఎక్కడి బ్యాంకు లెక్కలనో సరిచూచుచున్న యువకులు ప్రతి వీథిలోను గలరు. వారి తండ్రులను ఎవరును నిలదీయరు. ప్రభుత్వోద్యోగపరీక్షలకై హైదరాబాదు అశోకనగరులోని యిఱుకు గదులలో ఐదారేండ్లు గడపు పిల్లలకు ఉద్యోగము వచ్చునని ఎవడును పూచీపడలేదు. అయినను ఆ నిరీక్షణకు మన సంఘమున గౌరవము గలదు. కాబట్టి మనలను బాధించునది ఉపాధియొక్క అనిశ్చయము గాదు. సంబంధము మాటలాడవచ్చినవారితో "మావాడు సాఫ్ట్‌వేరు" అనుట సులభము; "మావాడు ఎడిటింగు గదిలో అసిస్టెంటు" అనుట కష్టము. బాధ యిక్కడ నున్నది. దానిని ఉన్నదున్నట్లు చెప్పుకొనుటకు సిగ్గుపడి, అన్నము పేరు పెట్టుచున్నాము.

ఇంతలో రాత్రి భోజనమైన పిదప ఇంటిల్లిపాదియు ఏమి చేయుచున్నాము? కొందఱు టెలివిజను ముందును, కొందఱు చేతిలోని ఫోను ముందును కూర్చుండి, ఎవరో రచించి, ఎవరో చిత్రించి, ఎవరో కూర్చిన బొమ్మలను చూచుచున్నాము. వంట రుచిగా నున్నదని మెచ్చుకొనుచు, వండినవానిని పంక్తిలో కూర్చుండనీయని ఇండ్లు ఒకప్పుడు మన దేశమున నుండెడివి. ఆ యాచారమును ఖండించిన మనమే దీనిని ఆచరించుచున్నాము.

ఈ ద్వంద్వభావము క్రొత్తది గాదు. మనువు తినగూడని యన్నములను లెక్కించుచు నటుని యన్నమును అందు జేర్చెను. ఆ పట్టుననే దర్జీవాని యన్నమును గూడ నిషేధించెను. అసత్యమాడువాని యన్నమును గూడ నిషేధించెను. దర్జీవానిని మనము ఏనాడో క్షమించితిమి. అసత్యమాడువాని మాట ఎవరికిని జ్ఞప్తి యున్నట్లు లేదు. నటుని మాట మాత్రము నెత్తుటిలో నిలిచిపోయినది. నాట్యశాస్త్రమునందు ఈ వైరుధ్యము మఱింత విచిత్రముగా నున్నది. వేదము వినుటకు అర్హత లేదనబడినవారికి సైతము అందవలెనని బ్రహ్మ నాట్యమును పంచమవేదముగా సృజించెనని గ్రంథారంభమున జెప్పుదురు. గ్రంథాంతమునకు వచ్చుసరికి, ఋషులను వెక్కిరించుచు ప్రదర్శన మొనర్చినందులకు భరతుని పుత్రులు శాపగ్రస్తులై శూద్రత్వము పొందిరని చెప్పుదురు. వేదమని యెత్తినవారే వేదిక దింపిరి.

వ్యాకరణము చదివిన పాఠకులు మన్నింతురేని ఒక చిన్న ముచ్చట. పాణినీయమున, నియమముతో విద్య గ్రహించునప్పుడు ఉపదేశించువానికి పంచమీవిభక్తి వచ్చును. గురువువలన చదువుచున్నాడని యందురు. ఇక నటుని పాట వినుచున్నాడు అనునప్పుడు పంచమి రాదు, షష్ఠియే వచ్చునని వ్యాఖ్యాతలు ప్రత్యుదాహరణ మిచ్చిరి. ఏలయన అది నియమపూర్వకమైన చదువు గాదు, ఊరక వినుట. చూడుడు, విభక్తి సైతము నటుని బడిలోనికి రానీయలేదు! అయితే అదే పాణిని వేఱొక చోట శిలాలియు కృశాశ్వుడును చెప్పిన నటసూత్రములను బేర్కొని, వానిని అధ్యయనము చేయువారికి ఏ పేళ్లు వచ్చునో విధించెను. అనగా ఆ కాలమునకే నటులకు శాస్త్రము గలదు, పాఠము గలదు, శిష్యవర్గము గలదు. కౌటిల్యుడు మఱియొక యడుగు ముందుకు వేసి, గీతవాద్యనాట్యాదులు నేర్పు గురువులకు రాజధనమునుండి జీతమిచ్చి పోషింపవలెనని శాసించెను. సినిమాకు కళాశాల యేమిటని నవ్వువారు అర్థశాస్త్రకారుడంతటి లౌకికుడు ఏల నవ్వలేదో ఆలోచింతురుగాక.

మన తెలుగువారిలో కుమారునికి ఈ విద్య నేర్పింపవలెనని తలంచిన తొలి తండ్రులలో రఘుపతి వెంకయ్యగారు ముఖ్యులు. మచిలీపట్టణమువారు; మద్రాసులో ఛాయాచిత్రములు తీసి జీవించినవారు. ఆ ఫోటో స్టూడియోను తాకట్టు పెట్టి చిత్రప్రదర్శనయంత్రమును దెప్పించి ఊరూర బొమ్మలు చూపిరి. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించిరి. కుమారుడగు ప్రకాశ్‌గారిని ఇంగ్లండుకు పంపి చిత్రనిర్మాణము నేర్పించిరి. ఆ కుమారుడు తిరిగివచ్చి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీసెను. తరువాతి కథ మనకు రుచింపదు. సంపాదించినదంతయు పోయి, 1941లో వెంకయ్యగారు దారిద్ర్యమున గతించిరి. ఆయన పేర ప్రభుత్వపురస్కారము 1980 నాటికి గాని యేర్పడలేదు. పిల్లలను ఈ విద్యకు పంపదలచు తండ్రికి మేము ఈ కథను సగము గాక మొత్తము చెప్పవలెనని యనుకొనుచున్నాము. సగము చెప్పినచో ఆశయైనను భయమైనను మాత్రమే మిగులును.

వెంకయ్యగారి తరువాత చాలకాలము ఈ విద్యకు గురుకులము స్టూడియోయే. ఏలూరు చెంత పల్లెనుండి బొంబాయికి పోయిన ఎల్.వి. ప్రసాద్‌గారు కంపెనీలో చిల్లరపనులు చేయుచునే పని నేర్చిరి. కె.వి. రెడ్డిగారు కంపెనీ డబ్బు లెక్కలు చూచుచు నేర్చిరి. కె. విశ్వనాథ్‌గారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణవిభాగమున చేరి నేర్చిరి. అంతకుమునుపే, 1885లో కడపజిల్లా సురభి గ్రామమున మొదలైన నాటకకుటుంబములలో పిల్లలు తల్లి యొడినుండియే రంగమునకు వచ్చిరి. ఈ పద్ధతి గొప్పదే. కాని దాని తలుపు ఎవరికి తెఱచుకొనెను? స్టూడియోలో మేనమామ యున్నవానికి, మద్రాసులో దిక్కున్నవానికి, ఎవని కాళ్లయినను పట్టుకొనగల ధైర్యశాలికి. నేటికిని మన తెలుగు తెరమీద తాత పేరు, తండ్రి పేరు చెప్పుకొను యువకులు ఎందఱున్నారో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. కులవృత్తిని కాదని చదువులకు ద్వారములు తెఱువవలెనని వాదించిన సంస్కారప్రియులు ఈ యొక్క విద్య విషయమున మాత్రము "అది వారి వారి యిండ్లలో నేర్చుకొనునది" యని యూరకుండుట న్యాయము గాదు.

స్వాతంత్ర్యానంతరము 1949లో భారతప్రభుత్వము ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన నియమించిన సంఘము 1951లో సమర్పించిన నివేదికలో చలనచిత్రవిద్యకు ఒక సంస్థ కావలెనని కోరెను. దాని ఫలముగా 1960లో, మూతపడిన ప్రభాత్ స్టూడియో స్థలముననే, పుణెలో ఫిల్ము ఇన్‌స్టిట్యూటు వెలసెను. కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేర రెండవది 1995లో వచ్చెను. ఈ రెండింటను ముఖ్యమైన శాఖలకు డిగ్రీ చదివినవారినే పరీక్షించి తీసికొందురు; సీట్లు మిక్కిలి తక్కువ. ఈ నడుమ విశ్వవిద్యాలయములు గూడ ప్రసారమాధ్యమముల చదువులు పెట్టినవి. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోవారు 2011లో కళాశాల నెలకొల్పిరి. ప్రైవేటు సంస్థలు మఱికొన్ని గలవు.

ద్వారము తెఱచినచో ఎవరు లోనికి రాగలరో చూపుటకు ఒక్క ఉదాహరణము చాలును. నాగరాజ్ మంజులేగారు మహారాష్ట్రమున షోలాపూరుజిల్లా పల్లెటూరివారు. రాళ్లు కొట్టుకొని బ్రదుకు వడ్డెరకులమున బుట్టినవారు. ఆ కులమువారి యిండ్లలో మాటలాడు భాష మన తెలుగునకు దగ్గఱి చుట్టము. ఆయన అహ్మద్‌నగరులో, అనగా నేటి అహల్యానగరులో, ఒక సాధారణ కళాశాలయందు ప్రసారమాధ్యమముల చదువు చదువుచు, ఆ చదువులో భాగముగా 'పిస్తుల్యా' అను చిన్న చిత్రము తీసెను. దానికి జాతీయపురస్కారము వచ్చెను. 2013లో 'ఫండ్రీ', 2016లో 'సైరాట్' తీసెను. ఆయనకు స్టూడియోలో మేనమామ లేడు.

అయినను మేము ఈ యుదాహరణమును జాగ్రత్తగా వాడవలెను. ఒక మంజులేగారిని జూపి పదిమంది తండ్రులచేత పొలము తాకట్టు పెట్టించుట పాపము. అడూర్ గోపాలకృష్ణన్‌గారు ప్రభుత్వోద్యోగము విడిచి 1962లో పుణె చేరిరి. 1965లో చదువు ముగించిరి. మొదటి కథాచిత్రము 'స్వయంవరం' వెలువడినది 1972లో. నడుమ నేడేండ్లు. ఫిల్ము సొసైటీ నడుపుచు, డాక్యుమెంటరీలు తీయుచు ఆయన నిలిచెను. ఆ యేడేండ్లను ఏ కళాశాలవారును తమ కరపత్రములో అచ్చువేయరు.

ఇక మా తప్పు చెప్పుకొనవలసిన చోటు వచ్చినది.

సుమారు పండ్రెండేండ్ల క్రిందట మా బడిలో ఒక బాలుడుండెను. తండ్రి ఆర్.టి.సి. కండక్టరు, తల్లి యింటివద్ద బీడీలు చుట్టును. వాడు పదవ తరగతి సెలవులలో ఎవరి ఫోనో యెరువు దెచ్చి నాలుగు నిమిషముల బొమ్మ తీసెను. అందు మనుష్యుల ముఖములు లేవు. తల్లి చేతులు మాత్రమే యున్నవి. ఆకు కత్తిరించుట, పొగాకు పోయుట, చుట్టుట, దారము కట్టుట. వెనుక రేకులమీద వాన చప్పుడు. కట్టలు లెక్కించునప్పుడు వాన ఆగును. అంతే. మేము సంస్కృతమున ధ్వనిని గూర్చి ఇరువదియేండ్లు పాఠము చెప్పితిమి గాని, ఆ నిశ్శబ్దమువంటి యుదాహరణమును ఏ విద్యార్థికిని ఈయలేకపోయితిమి.

ఇంటరు ముగిసిన పిమ్మట తండ్రి వానిని మాయొద్దకు దెచ్చెను. మేము చెప్పిన మాటలు నేటికిని మాకు జ్ఞప్తియున్నవి. "అటువంటి చదువులకు సరియైన కాలేజీలు లేవు. ముందు ఇంజనీరింగు పూర్తిచెయ్యి. తరువాత నీ యిష్టం." పుణె సంస్థ సంగతి మాకు తెలియును. అది ప్రభుత్వముదనియు, డిగ్రీ యైన తరువాత పరీక్ష వ్రాయవచ్చుననియు తెలియును. హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమున ప్రసారమాధ్యమముల శాఖ యున్నదని తెలియును. ఏదియు చెప్పలేదు. "తరువాత నీ యిష్టం" అనుట అంతకంటె పెద్ద అసత్యము. విద్యాఋణము, చెల్లెలి పెండ్లి, ఇల్లు, ఇవన్నియు వరుసగా నిలిచియుండగా ఆ 'తరువాత' రాదని మాకు చక్కగా తెలియును. వాడు మా మాట విని నమస్కరించి వెడలిపోయెను. తండ్రి కృతజ్ఞతతో మా చేతులు పట్టుకొనెను.

మొన్న సంక్రాంతికి వాడు మా యింటికి వచ్చెను. మంచి యుద్యోగములో నున్నాడు. తలిదండ్రులకు ఇల్లు కట్టించెను. తల్లి బీడీలు చుట్టుట మానివేసెను. మాటల నడుమ నవ్వుచునే యడిగెను: "సార్, ఆ రోజు మీరు నా మంచి కోరి చెప్పిన్రా, మా నాయనకు జవాబు చెప్పలేక చెప్పిన్రా?"

మేము జవాబు చెప్పలేదు. టీ తెప్పించితిమి.

తరువాత చాల దినములు మాలో మేము వాదించుకొంటిమి. ఫలము మంచిదే గదా! ఆ తల్లి చేతులకు విశ్రాంతి దొరకినది గదా! నాలుగు నిమిషముల బొమ్మకంటె ఆ విశ్రాంతి తక్కువదా? తక్కువది గాదు. హితమైన మాట కొంచెము సత్యము తప్పినను దోషము లేదని చెప్పువారు మన పెద్దలలోనే గలరు. కాని హితమును నిర్ణయించినది ఎవరు? మేము. ఎవని జీవితమునకు? వానిది. పిల్లవాడు గుడ్డివాడైనచో చేయిపట్టి నడిపించుట ధర్మము. కండ్లున్నవానికి గంతలు కట్టి, గోతిలో పడకుండ నడిపించితిమని సంతోషించుట ఎట్టి ధర్మము? వాడే వెళ్లునప్పుడు గుమ్మములో నిలిచి మఱియొక మాట యనెను: "నేను గూడ గిదే చేస్తుంటినేమో సార్. కాని అది నా నిర్ణయం అయితుండె." వాడు నిందించుటకు అనలేదు. అందుచేతనే ఆ మాట మమ్ము విడువలేదు.

అసత్యము పెద్దలయొద్దనే యున్నదని మేము చెప్పుట లేదు. విద్యను అమ్మువారియొద్ద అంతకు నూఱంతలు గలదు. మా పట్టణమున మరనేత కార్మికుని కుమార్తె యొకతె నగరములోని ప్రైవేటు కళాశాలలో మూడేండ్లు ఎడిటింగు చదివెను. కరపత్రముమీద ప్రసిద్ధదర్శకుల బొమ్మలున్నవి. వారు మూడేండ్లలో రెండు పర్యాయములు వచ్చి, ఉపన్యసించి, ఫోటోలు దిగి పోయిరట. పాఠము చెప్పినవారు వేఱు. వారిలో ఇద్దఱు మంచివారు, వారివలననే తనకు పని వచ్చినదని ఆమె చెప్పును. చదువు ముగిసిన తరువాత మొదటి యెనిమిది నెలలు భోజనమును బస్సు ఖర్చును తప్ప జీతము లేదు. ఇప్పుడు ఒక స్టూడియోలో రాత్రివేళ ధారావాహికలు కూర్చుచు, ఇతరభాషాచిత్రములకు తెలుగు అక్షరములు క్రింద జేర్చుచు, మా యూరి ప్రైవేటు బడిలో పంతులమ్మకు వచ్చునంత సంపాదించుచున్నది. పని యిష్టమేనట. ఆమె కోపమంతయు ఒక్కదానిమీద: "జీతం ఉండదని ముందే చెప్తే ఆ ఎనిమిది నెలలకు పైసలు దాచుకుంటుంటిమి గద సార్! మా నాయన చిట్టీ ఎందుకు ఎత్తుతుండె?"

ఈ చదువు తరువాత పని లేదనుట అబద్ధము. సినిమావారు తమ పనులను ఇరువదినాలుగు క్రాఫ్టులని లెక్కింతురు. దర్శకుడు, నాయకుడు అను రెండు పేళ్లే మన పిల్లల చెవులకు సోకుచున్నవి గాని, శబ్దము పట్టువాడు, రంగులు సరిచేయువాడు, గ్రాఫిక్సుకై ఒక్కొక్క బొమ్మనుండి తీగెలు చెఱిపివేయుచు దినమంతయు గడపువాడు, వార్తాకేంద్రమున గంటకొక కథనము కూర్చువాడు, ప్రకటనలు తీయువాడు, పాఠములను దృశ్యములుగా మార్చువాడు, పెండ్లిండ్లకు కెమేరా మోయువాడు, వీరందఱు ఈ చదువునకు చెందినవారే. వీరిలో పెక్కుమందికి పని గలదు. నెల నెల జీతము కొందఱికే గలదు. తక్కినవారికి కాల్షీటు లెక్క. చిత్రము ఆగినచో పని ఆగును. బ్యాంకులవారి కంటికి సినిమా పరిశ్రమగా నగపడినది 1998లో ప్రభుత్వము ఆ హోదా యిచ్చిన తరువాతనే. ఇప్పుడు యంత్రమే బొమ్మ గీయుచు, మాట వ్రాయుచున్నది గనుక ఈ పనులలో కొన్ని యుండునో ఊడునో యను భయము గూడ జేరినది. 2023లో అమెరికా రచయితలు 148 దినములు సమ్మె చేయుటకు గల కారణములలో అదియు నొకటి. ఇంతయు చెప్పి, ఆ పిమ్మట పిల్లవాడు "అయినను చదివెదను" అన్నచో, అడ్డుపడుటకు మనకు ఏమి యధికారమున్నదో మాకు తోచలేదు.

పిల్లలు తమకు తాము చెప్పుకొను అసత్యము మూడవది. చిత్రము ముగిసినతోడనే ప్రేక్షకులు లేతురు. దీపములు వెలుగును. ఊడ్చువారు వచ్చెదరు. అప్పుడు తెరమీద చిన్న యక్షరములతో వందలకొలది పేళ్లు పైకి ప్రాకిపోవును. ఈ మధ్య మాయొద్దకు వచ్చు పిల్లలను మేము అడుగుచున్న ప్రశ్న యిదొక్కటే: "నీ పేరు అక్కడ, ఎవరును చదువని చోట, వచ్చినచో నీకు చాలునా?" కొందఱు వెంటనే తల దించుకొందురు. వారు కీర్తిని కోరుచున్నారు గాని పనిని కోరుట లేదు. ఒక బాలుడు మాత్రము "మా అమ్మ చదువుతది సార్" అనెను. వాని తల్లికి చదువు రాదని మాకు తెలియును. వానికి దరఖాస్తు మేమే వ్రాసియిచ్చితిమి.

ఉపాధి దొరకకున్నను ఈ చదువు వ్యర్థమా? మాస్కోలో 1919లో తొలి చలనచిత్రవిద్యాలయము వెలసిన కాలమున ముడిఫిల్ము కఱవైనది. అచ్చటి గురువగు కులెషోవ్ శిష్యులచేత ఫిల్ము లేకుండగనే చిత్రములను రంగముమీద ఆడించి అభ్యసింపజేసెను. ఆయన చేసిన ప్రయోగ మొకటి లోకప్రసిద్ధము. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును, పులుసు గిన్నె ప్రక్కన ఒకసారి, శవపేటిక ప్రక్కన ఒకసారి అతికి చూపగా, ప్రేక్షకులు మొదటిదానిలో ఆకలిని, రెండవదానిలో దుఃఖమును చూచిరట. ముఖము ఒక్కటియే! మన యింటిలోనికి దినమునకు నూఱు బొమ్మలు వచ్చుచున్నవి. ఏ ముఖము ప్రక్కన ఏ గిన్నె పెట్టి మనకు చూపుచున్నారో ఎఱిగినవారు ఇంట నొక్కరైనను ఉండవలదా? తర్కము చదివినవాడు తార్కికుడుగా జీవింపకున్నను మోసపోడు. ఈ చదువును అట్లే.

ఆడపిల్లల విషయము వేఱుగ చెప్పక తప్పదు. ఇచ్చట తలిదండ్రుల భయము గౌరవము పేరిట కల్పించుకొన్నది గాదు. కేరళప్రభుత్వము 2017లో జస్టిస్ హేమగారి యాధ్వర్యమున నియమించిన సంఘము మలయాళ చిత్రసీమలో స్త్రీల స్థితిని విచారించి, 2019 చివర నివేదిక సమర్పించెను. అది ప్రజలకు అందినది 2024 ఆగస్టులో. లైంగికవేధింపులనుండి, షూటింగుల వద్ద మఱుగుదొడ్లు, బట్టలు మార్చుకొను గదులు లేకపోవుటవఱకు అందు వ్రాసిరి. నివేదిక వ్రాయించుకొన్న రాష్ట్రము తక్కినవానికంటె చెడ్డదని మేము అనుకొనుట లేదు. బళ్లారి రాఘవగారు కుటుంబస్త్రీలు రంగస్థలమునకు రావలెనని పోరాడిన నాడు, స్త్రీ రాకూడదని సంఘమనెను. నేడు రావచ్చుననుచున్నది, వచ్చిన తరువాత రాత్రి పదునొకండు గంటలకు ఇల్లు చేరుట యెట్లో మాత్రము ఆమెయే చూచుకొనవలెనట.

కడపట చెప్పెదమని మొదట అన్న సంగతి యిది. ఈ సంవత్సరము ఇంటరు ముగించిన మా కుమార్తె ఒక ప్రైవేటు కళాశాల దరఖాస్తును దెచ్చి మా బల్లమీద పెట్టినది. ఎడిటింగు చదువునట. ఊరి పిల్లలకు బుద్ధి చెప్పు మేము మూడు దినములు మాటలాడలేదు. మా గృహిణి మాత్రము ఒక్క ప్రశ్న యడిగెను: "రాత్రిపూట పనైతే ఇంటికెట్ల వస్తది?" దానికి మాయొద్ద జవాబు లేదని ఒప్పుకొంటిమి.

మాకు తెలిసినదంతయు అమ్మాయికి చెప్పితిమి. వెంకయ్యగారి కథ మొత్తము చెప్పితిమి. కండక్టరుగారి కుమారుని సంగతియు దాచలేదు. ఆ మరనేత కార్మికుని కుమార్తె పనిచేయు గదిలో ఒక రాత్రి యంతయు కూర్చుండి రమ్మని, తల్లిని తోడిచ్చి పంపితిమి. తెల్లవాఱి వచ్చి, "కండ్లు మండుతున్నయి నాన్నా" అన్నది. "మరి?" అంటిమి. "ఒకచోట అక్క రెండు ఫ్రేములు తీసేసి చూపించింది. అంతకుముందు ఏడుపు రాలేదు. తీసినంక వచ్చింది" అన్నది. మేము దరఖాస్తుమీద సంతకము చేసితిమి.

ఋణపత్రముమీద ఇంకను చేయలేదు. ఆ కళాశాలవారికి నాలుగు ప్రశ్నలు వ్రాసి రిజిష్టరు తపాలలో పంపితిమి. గడచిన మూడేండ్లలో చదువు ముగించినవారందఱిలో, ప్రసిద్ధులైనవారు మాత్రమే గాక అందఱిలో, నేడు ఈ పనిలో నున్నవారెందఱు? జీతము లేకుండ గడపవలసిన నెలలు సాధారణముగా నెన్ని? కరపత్రముమీద బొమ్మలున్నవారు తరగతిలో ఎన్ని గంటలు పాఠము చెప్పుదురు? 2013 చట్టముననుసరించి స్త్రీల ఫిర్యాదులు వినవలసిన సంఘమున మీ కళాశాలలో ఎవరెవరున్నారు?

తరువాత ఆ కళాశాలనుండి ఒక యువతి మూడు పర్యాయములు ఫోనుచేసి, ఈ వారములో చేరినవారికి ఫీజులో తగ్గింపు గలదని మిక్కిలి మర్యాదగా చెప్పెను. ప్రశ్నల సంగతి ఆమెకు తెలియదట. లేఖకు జవాబు రాలేదు. దరఖాస్తు బల్లమీదనే యున్నది. గడువు ఈ నెల యిరువదియవ తేదీ.